మూడోసారి అనడానికి చాలని ఊపిరి

మా బావ అసలు పేరు మార్కెట్ యార్డులో ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఆయన్ని "మూడోసారి గారు" అంటారు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేలం వేసే పని ఆయనది. పక్కనే కాటా మీద బస్తాలు తూచే పని నాది. మా అక్కను చేసుకున్నాడు గనుక ఇంట్లోనూ, నన్ను ఆ పనిలో పెట్టించాడు గనుక యార్డులోనూ నన్ను తిట్టే హక్కు ఆయనకుంది. ఆ హక్కును ఆయన ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు.

మా యార్డులో ఒక పాత రూలుంది. వేలం వేసేవాడు "రెండోసారి" అన్నాక, సరుకు పేరు, బస్తాలెన్ని, పాట ఎంత, పాడిందెవరు అన్నీ వరసగా మళ్ళీ చెప్పి, ఆ ఊపులోనే "మూడోసారి" అని చెక్కతో బల్లను కొట్టాలి. ఇదంతా ఒకే ఊపిరిలో అవ్వాలి. మధ్యలో ఊపిరి పీల్చుకున్నాడంటే తనవాడెవడికో టైమిస్తున్నాడని లెక్క. పాట మళ్ళీ తెరుచుకున్నట్టే, ఎవరైనా పెంచుకోవచ్చు. ఎప్పుడో ఒక పెద్దమనిషి సరిగ్గా ఆ మధ్యలో తీరిగ్గా దగ్గి, తన వియ్యంకుడి చేత పాట పెంచించి సరుకంతా కట్టబెట్టాడట. ఆయన దగ్గు పుణ్యమా అని పుట్టిన రూలు ఇది. ఆయన పోయాడు, రూలు ఉండిపోయింది.

బావకు ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. అదీ మామూలు ఉబ్బసం కాదు, గట్టిదే. మబ్బు పట్టినా, గోనెసంచి దులిపినా, పక్కవాడు సెంటు పూసుకొచ్చినా, ఆఖరికి బాగా నవ్వినా సరే, పిల్లికూతలు మొదలయ్యేవి. కానీ బావ దాని గురించి చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "అది మర్యాద తెలిసిందిరా. వస్తుంది, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, వెళ్ళిపోతుంది. వెళ్ళాక నన్ను చూసి ఉబ్బసం ఉందని ఎవడైనా అనగలడా?" అనేవాడు. నిజమే, అనలేకపోయేవాళ్ళం. బాగున్న రోజుల్లో ఆయన గొంతు గేటు దాటి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేది. అవసరం లేకపోయినా వాళ్ళకు ఆ పూట ఉల్లిపాయల ధర తెలిసిపోయేది.

ఆ ఉబ్బసం పెట్టుకుని ఆయన సిగరెట్లు కాల్చేవాడు. కాటా వెనక, బస్తాల చాటున, మా అక్కకు తెలియదనుకుంటూ. అక్కకు పెళ్ళయిన వారంలోనే తెలుసు. నేనొకసారి ఉండబట్టలేక అడిగితే, "దానికీ దీనికీ ఏం సంబంధంరా? ఉబ్బసం పుట్టుకతో వచ్చింది. సిగరెట్టు నేను సంపాదించుకున్నది" అన్నాడు. పైగా పొగ పడితే కఫం కదులుతుందని ఒక వైద్యం కూడా చెప్పాడు. కఫం కదిలేది, నిజమే. పొద్దున్నే ఆయన దగ్గితే మా వీధిలో అలారం పెట్టుకునే అవసరం ఎవరికీ ఉండేది కాదు.

కొన్నేళ్ళకు ఆ ఒక్క ఊపిరి చాలడం మానేసింది. ముందు మబ్బు రోజుల్లో, తరవాత మంచి రోజుల్లో కూడా. "రెండోసారి" దాకా బాగానే వచ్చేవాడు. సరుకు పేరు, బస్తాలు, పాట, పాడినవాడి పేరు... అక్కడికొచ్చేసరికి భుజాలు పైకి లేచేవి, మెడ నరాలు ఉబ్బేవి, నోరు తెరుచుకునేది, "హుఁ" అని ఊపిరి లోపలికి పోయేది. అంతే, పాట తెరుచుకునేది. అవతలివాడు పెంచేవాడు. బావ మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయేవాడు.

దీంతో ఏమైందంటే, మా యార్డులో సరుకు ధర పెరగడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల యార్డులన్నీ వదిలేసి రైతులు మా దగ్గరికి రాసాగారు. గేటు దగ్గరే నన్ను పట్టుకుని, "మీ బావగారికి ఈ రోజు ఆయాసం బాగుందా?" అని ఆశగా అడిగేవారు. కాస్త తగ్గిందంటే మొహాలు మాడ్చుకునేవారు. బాగా ఎక్కువగా ఉందంటే, "అమ్మయ్య, పాపం" అని రెండూ కలిపి అనేవారు.

కొనేవాళ్ళ బాధ కొనేవాళ్ళది. వాళ్ళకు పెద్దదిక్కు తొందర షావుకారు. ఆయన వాచీ చూసుకోకుండా ఊపిరి కూడా పీల్చడు, అందుకా పేరు. "ఆయన ఒక్క ఊపిరి పీలిస్తే మా కొంప మునుగుతోంది" అని యార్డు కమిటీ ముందు గోల చేశాడు. చేసి ఊరుకోలేదు. ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గర తనే చీటీ రాయించి, తన వ్యానులో తనే బావను ఎక్కించుకుని బయల్దేరాడు. సొంత తండ్రిని కూడా అంత శ్రద్ధగా తీసుకెళ్ళి ఉండడు. ఈ సంగతి తెలిసి రైతుల తరఫున దుంపల పెద్దమ్మ ఇంకో బండిలో బయల్దేరింది. దుంపలు పండించడంలో, మనుషుల్ని దులపడంలో ఆవిడ తరవాతే ఎవరైనా. "ఆ షావుకారు ఈ మనిషిని ఒక్కసారిగా బాగు చేయించేస్తే మా గతేంటి? దగ్గరుండి చూసుకోవాలి" అంది. అలా మా బావ ఊపిరితిత్తుల కోసం రెండు పార్టీలు ఆసుపత్రి వరండాలో ఎదురుబొదురుగా కూర్చున్నాయి. మధ్యలో నేనూ, అక్కా.

లోపల బావ చేత గొట్టంలో ఊదించారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, ఊదించే అమ్మాయి పెట్టిన కేకలు వరండాలోకి వినపడ్డాయి. "ఊదండి, ఊదండి, ఊదండి! ఇంకా, ఇంకా, ఇంకా! ఆపొద్దు, ఆపొద్దు!" తరవాత మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ అదే పాట. బావ చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "ఆ పిల్లను మన యార్డుకు తీసుకుపోదాంరా. నన్నెవరూ గుర్తుంచుకోరు" అన్నాడు. ఆ గొంతు మీద ఆయనకు నిజంగానే గౌరవం కలిగింది.

డాక్టరమ్మ ఓపికగల మనిషి. మమ్మల్నందరినీ ఒకసారి చూసి, వీళ్ళలో ఎవరెవరు బంధువులో తేల్చుకోలేక అందరినీ లోపలికి రమ్మంది.

"మీకు ఉబ్బసం ఉంది, అది మీకు తెలుసు" అంది బావతో. "దాని చాటున ఇంకో జబ్బు వచ్చి కూర్చుంది. పొగకీ, దుమ్ముకీ గాలిగొట్టాలు పాడై, బిగుసుకుపోయాయి. మందు పీల్చాక కొంత తెరుచుకుంది చూశారా, అది ఉబ్బసం తాలూకు. మందుకి కూడా తెరుచుకోనిది ఈ రెండోదాని తాలూకు. అంటే మీ ఊపిరితిత్తుల్లో ఇద్దరు కాపురముంటున్నారు."

"అద్దె ఎవరు కడుతున్నారమ్మా?" అన్నాడు బావ.

"మీరే" అంది డాక్టరమ్మ, నవ్వకుండా. "ఇద్దరూ విడివిడిగా ఉంటే ఒక ఎత్తు. ఒకేచోట చేరితే ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఆయాసం మాటిమాటికీ ముదురుతుంది. ముదిరితే తేరుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. చిన్న జలుబు చేసినా ఆసుపత్రిలో పడాల్సి రావచ్చు. మీరేమో అంతా ఉబ్బసమే అనుకుని, ఆయాసం వచ్చినప్పుడల్లా ఆ ఒక్క ఇన్‌హేలర్ కొట్టుకుంటూ గడిపేశారు."

"అయితే ఏది ఎప్పుడు పోతుంది?" అని బావ కంటే ముందు తొందర షావుకారు అడిగాడు.

"ఉబ్బసాన్ని చాలావరకు లొంగదీయొచ్చు. రెండోది పోదు. ముదరకుండా ఆపొచ్చు. సిగరెట్టు ఈ రోజే మానెయ్యాలి. రోజూ మందు పీల్చాలి, బాగున్నా సరే. దుమ్ములో ఉండకూడదు."

తొందర షావుకారు, దుంపల పెద్దమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సగం బాగవుతాడు, సగం బాగవడు. ఎవరు గెలిచినట్టో ఇద్దరికీ అర్థం కాలేదు. పెద్దమ్మే ముందు తేరుకుంది. "మనిషి బతకనీ ముందు" అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆవిడే కాస్త ఆశ్చర్యపోయినట్టు కనపడింది.

తిరుగుదారిలో బావ వ్యాను ఎక్కనన్నాడు. బస్సులో వస్తానన్నాడు. బస్టాపులో మేమిద్దరం సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. అక్క మందుల షాపులో ఉంది. ఆయన నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. నాకు భయమేసింది.

"ఏంటి బావా, సిగరెట్టు మానాలనా?"

"అది కాదురా. ఉబ్బసమైతే కాసేపట్లో తగ్గుతుందని ఎవరైనా ఆగుతారు. స్కూల్లో మాస్టారు ఆగేవాడు. మీ అక్క ఆగింది, యార్డు కూడా ఆగింది. తగ్గనిదానికి ఎవడాగుతాడు చెప్పు? ఎన్నాళ్ళని ఆగుతాడు?"

ఆయనంటే నాకెంత ప్రేమో ఆ బస్టాపులో మొదటిసారి తెలిసింది. ఆ సంగతి చెబితే తిడతాడని చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా అక్క రాజ్యం మొదలైంది. సిగరెట్ల కోసం ఆయన జేబులే కాదు, నా జేబులు కూడా వెతికేది. నేను పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టలేదు మొర్రో అన్నా వినేది కాదు. పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్‌కు ప్లాస్టిక్ డబ్బా తగిలించి, ఎదురుగా నిలబడి, "పీల్చండి, ఆపండి, ఆపండి, ఇంకా ఆపండి" అని ఆజ్ఞలు. పీల్చాక నోరు పుక్కిలించేదాకా కదలనిచ్చేది కాదు. పెదాలు ముడిచి, ఈల వేస్తున్నట్టు నెమ్మదిగా ఊపిరి వదలడం కూడా ఆసుపత్రిలో నేర్పారు. బావ అది వీధి అరుగు మీద కూర్చుని సాధన చేస్తుంటే, ఎదురింటి పెద్దావిడ అపార్థం చేసుకుని తలుపేసుకుంది. ఆవిడకు జబ్బు సంగతి వివరించి చెప్పడానికి నేను వెళ్ళాల్సి వచ్చింది.

ఆయన తేలికపడ్డాడు. చాలా ఏళ్ళ తరవాత వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. మేడ మెట్లు మధ్యలో ఒక్కసారే ఆగి ఎక్కాడు. కానీ ఆ ఒక్క ఊపిరి మాత్రం పూర్తిగా రాలేదు. పాడినవాడి పేరు దాకా వచ్చేది, "మూడోసారి" దగ్గర తెగిపోయేది. పేరు చిన్నదైతే నెగ్గేవాడు, పొడుగైతే ఓడిపోయేవాడు. పొడుగు పేర్లున్న వ్యాపారులు కమిటీలో కొత్త గొడవ లేవదీశారు.

ఇంతలో చలికాలం వచ్చింది. వాళ్ళింట్లో, మా ఇంట్లో అందరికీ జలుబు చేసింది. మాకందరికీ ముక్కు కారి తగ్గిపోయింది. బావకు మాత్రం గుండెల్లోకి దిగింది. మాట్లాడబోతే ఒక్కో మాటే వచ్చేది. గోళ్ళు నీలంగా మారాయి. ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు. మామూలు ఉబ్బసానికైతే మర్నాడే లేచి కూర్చుని నన్ను తిట్టేవాడు. ఈసారి రోజుల తరబడి కళ్ళు మూసుకునే ఉన్నాడు. అక్క మంచం పక్కన కూర్చుని ఆయన ఛాతీనే చూస్తూ ఉండేది, అది లేస్తోందా లేదా అని. నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక జోకు తయారుచేసుకుని వెళ్ళేవాణ్ణి, చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి. మరీ చెప్పాలంటే, ఆసుపత్రి వెనక పార్కింగులో రెండుసార్లు ఏడ్చాను.

కోలుకుని ఇంటికొచ్చేసరికి ఆయన బల్ల మీద ఇంకొకడున్నాడు. కుర్రవాడు, గొంతు పెద్దది, యార్డులో "బూర" అని పేరు. ఒక్క ఊపిరిలో మూడు పాటలు ముగించగలడు. ముగించి, ఇంకా గాలి మిగిలితే నవ్వేవాడు. వ్యాపారులు వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. రైతులు సరుకు తెచ్చి, నిట్టూర్చి, వచ్చిన ధరకు ఇచ్చి పోతున్నారు.

బావ బల్ల కావాలన్నాడు. అక్క వద్దంది.

"ఆ బల్ల దిగితే ఇంకో నాలుగేళ్ళు బతుకుతారు" అంది.

"దిగి ఏం చెయ్యను? అరుగు మీద కూర్చుని ఈలలెయ్యనా?"

చివరికి డాక్టరమ్మ దగ్గర పంచాయితీ. ఇన్నాళ్ళూ వేలం జరిగిన గోడౌను లోపలి దుమ్ములో మాత్రం వీల్లేదు, బయట గాలిలో, నేల తడిపాక, ఒంట్లో బాగున్న రోజున అయితే చూడొచ్చంది. మధ్యలో ఆయాసమొస్తే ఆపెయ్యాలంది. కమిటీ బల్లను గేటు పక్క రేకుల పందిరి కిందికి మార్చడానికి ఒప్పుకుంది గానీ, తొందర షావుకారు మెలిక పెట్టాడు. "ఒక పూట చూద్దాం. రూలు ప్రకారం ఒక్క ఊపిరిలో వేలం వేస్తే బల్ల ఆయనది. వెయ్యలేకపోతే బూరది. ఆయన మీద నాకేం కోపం లేదు, నా టైము మీద నాకు ప్రేమ" అన్నాడు.

ఆ పూట అక్క కూడా యార్డుకొచ్చింది. పెళ్ళయ్యాక ఆవిడ అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. వ్యాపారుల మధ్య ఖాళీ చూసుకుని ముందు వరసలో నిలబడింది. "నువ్వు ఇటు రా అక్కా" అన్నాను. "నీ కాటా నువ్వు చూసుకో" అంది.

బావ బల్లెక్కాడు. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు. మొదటి పాట అదృష్టవశాత్తూ చిన్న పేరు వాడిది, నెగ్గాడు. రైతులు చప్పట్లు కొట్టారు, తరవాత తమకేం లాభమో గుర్తొచ్చి ఆపేశారు.

రెండో పాటలో ఉల్లిపాయలు. పాడింది తొందర షావుకారు. బావ "రెండోసారి" అని మొదలుపెట్టాడు. సరుకు, బస్తాలు, పాట వచ్చాయి. షావుకారు పేరు సగంలో ఉండగా భుజాలు లేచాయి. ఆయన ఊపిరి పీల్చుకోలేదు. బిగబట్టాడు. నోరు కదులుతోంది, శబ్దం లేదు. కళ్ళు పెద్దవయ్యాయి. ఎంత మొండివాడంటే, ఆ ఊపిరి తీసుకుంటే బల్ల పోతుందని, ప్రాణం పోయినా తీసుకునేలా లేడు.

"నేను పాడుతున్నా!" అని మా అక్క చెయ్యెత్తింది. "షావుకారు గారి మీద ఇంకొంచెం!"

యార్డంతా ఆవిడ వైపు తిరిగింది. బావ అదిరిపోయి, ఆ అదురులో ఊపిరి పీల్చేశాడు.

"అమ్మా, మధ్యలో పాడకూడదు" అన్నాడు తొందర షావుకారు.

"ఊపిరి పీల్చారుగా. పాట తెరుచుకుంది."

"నువ్వు పాడాక పీల్చాడు!"

"ముందో తరవాతో పీల్చారు కదా. మీకు కావాలంటే పెంచండి."

ఉక్రోషంతో షావుకారు పెంచాడు. బావ మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ అక్కడే బిగుసుకున్నాడు. అక్క మళ్ళీ చెయ్యెత్తింది. ఈసారి షావుకారు మూతి బిగించి ఊరుకున్నాడు. ఉల్లిపాయలు అక్క పాలబడ్డాయి. మా అక్క పేరు చిన్నది.

"ఈ బస్తాలు ఎక్కడ దింపను?" అన్నాను నీరసంగా.

"మీ ఇంట్లో" అంది.

మూడో పాటా అలాగే అక్కకు పోయింది. నా ఇల్లు మనసులోనే నిండిపోసాగింది. దుంపల పెద్దమ్మ ఆనందం పట్టలేక పక్కవాళ్ళను పొడుస్తోంది. "అమ్మా తల్లీ, ఇన్ని ఉల్లిపాయలు ఏం చేసుకుంటావు?" అని షావుకారు అరిచాడు.

"ఏమో. ఆయన ఊపిరి పీల్చుకునేదాకా పాడుతూనే ఉంటాను. ఇళ్ళు చాలకపోతే వీధిలో పోసుకుంటాను." అక్క బావ వైపు చెయ్యి చూపించింది. "ఆసుపత్రిలో అన్ని రోజులు ఆ ఊపిరి కోసమే కాచుకుని కూర్చున్నాను. ఇక్కడ దాన్ని బిగబట్టి చంపుకుంటుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

బావ తల దించుకున్నాడు. చెక్క పక్కన పెట్టి, బల్ల దిగడానికి ఒక కాలు కింద పెట్టాడు.

"ఎక్కడికి?" అన్నాడు తొందర షావుకారు. "నాలుగో పాట దుంపలు. నేను పాడాను. కానివ్వండి."

బావ కాలు వెనక్కి తీసుకున్నాడు. "రెండోసారి" అన్నాడు. సరుకు, బస్తాలు, పాట. పేరు సగం. భుజాలు లేచాయి. అక్క చెయ్యి లేవబోయింది.

"ఆగమ్మా" అన్నాడు షావుకారు. "నువ్వు పాడితే ధర పెరుగుతుంది. మేం ఆగితే పెరగదు. ఆగుతాం. పీల్చుకోండి సార్, మీకెంత కావాలో అంత పీల్చుకోండి. మధ్యలో ఎవడు నోరెత్తుతాడో నేను చూస్తా."

దుంపల పెద్దమ్మకు నష్టం. అందరం ఆవిడ వంక చూశాం. ఆవిడ నోరు తెరిచి, బల్ల మీదున్న మనిషిని చూసి, మూసుకుంది.

బావ ఆ రేకుల కింద, అంతమంది ముందు, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. పెదాలు ముడిచి నెమ్మదిగా వదిలాడు. మళ్ళీ పీల్చుకున్నాడు. తరవాత షావుకారు పేరు మొదటి నుంచీ, ఏ తొందరా లేకుండా, పూర్తిగా చెప్పాడు. "మూడోసారి" అన్నాడు. చెక్కతో కొట్టాడు.

ఆ రోజు వేలం అయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఎవరూ సణగలేదంటే అబద్ధం. వ్యాపారులు సణిగారు, రైతులు సణిగారు, బూర సణిగాడు, వాచీ చూసుకుంటూ తొందర షావుకారు అందరికంటే ఎక్కువ సణిగాడు. కానీ ఒక్కరు కూడా వెళ్ళిపోలేదు.